పేరు అనే గడిలో

నెల్లిమర్ల దాటి, చంపావతి ఇసుక మొదలయ్యే చోట
ఎకరం ముప్పై సెంట్లు.
మా రికార్డులో దాని పేరు బంజరు.
గొలుసు, గొడుగు, నాలుగు కాగితాలు పట్టుకుని వెళ్లాను.
బైపాసు ఈ తుప్పల మీదుగానే పోతుందట.
గోతులెన్నో, ఎవరివో రాసుకు రమ్మన్నారు.

రాయి లేదు. శిలువ లేదు. సున్నం కొట్టిన దిమ్మ లేదు.
తుమ్మకొమ్మలకు తగిలించిన చెక్క వలయాలున్నాయి,
చర్మం ఊడదీసిన డప్పులు.
ఒకదాన్లోంచి చూస్తే
గుండ్రంగా కాస్త ఆకాశం, జూట్ మిల్లు గొట్టం కొస.

తవిటమ్మ అక్కడ మేకలు కాస్తోంది.
"పేర్లేటి బాబూ, పేర్లు మిల్లోలు రాసుకున్నారు
హాజరు పుస్తకంల.
మాకు దెబ్బే గురుతు" అంది.
నీళ్ల బకెట్టు బోర్లించి ముందు పెట్టుకుంది.

మొదటి గొయ్యి దగ్గర ఆమె చేతులు
ఒక కాలు ఈడ్చుకుంటూ ఎవరో నడిచినట్టు మోగాయి.
దాలయ్యట. రాత్రి షిఫ్టులో మిషను కాలు నలిపేసింది.
ఆ కుంటినడకనే దరువు చేసుకున్నాడు.
పెళ్లికి పిలిస్తే
పెళ్లివాళ్లంతా కుంటుతూ ఆడేవారు,
నవ్వుతూ, ఎందుకో తెలీకుండా.

జిల్లేడు మొదట్లో గంటెమ్మ. జముకు.
చంకలో ఇరికించుకుని తీగ లాగితే
లోపలెవరో "ఊఁ" కొట్టినట్టుండేది.
ముగ్గురు బిడ్డల్ని ఈ ఇసకలోనే పూడ్చి
తెల్లారేదాకా కథ చెప్పేది.
కథలో మాత్రం
ఒక్కర్నీ చావనిచ్చేది కాదు.

గట్టు కింద రేడియో గురువులు.
విశాఖ నుంచి జీపులో వచ్చినవాళ్లు
పెట్టెలోకి పాడించుకుని, పదిహేను రూపాయలిచ్చి,
వేస్తాం, వినమన్నారు.
నలభై ఏళ్లు, ప్రతి సాయంత్రం,
టీకొట్టు రేడియోకి చెవి ఆనించి నిలబడ్డాడు.
ఎవరి పాటో వచ్చేది.
"బాగుంది గానీ, నాను కాదు" అని
ఇంటికి పోయేవాడు.

మిగతావాళ్లని వరసగా చెప్పలేదామె.
మేక తుప్పలో దూరితే అదిలించడానికి లేచి,
తిరిగొచ్చి, ఎక్కడ ఆపిందో మరిచి,
ఇద్దరి దెబ్బలు కలిపేసి,
"ఈలిద్దరికీ పడీదికాదు, ఇప్పుడేటి సేస్తారు" అని నవ్వింది.

"ఊల్లో ఎవులు పోయినా ముందర మావోలే.
మావోలు పోతే
ఉన్నోడు కొట్టీవోడు.
ఆకరోడు మా ఆయన.
ఆడది కొట్టకూడదన్నారు.
కొట్టీవోడు ఎవుడున్నాడు మరి?
నానే కొట్టినాను."

బకెట్టు మీద చేతులు ఆనించే ఉన్నాయి.
ఆయన దెబ్బ మాత్రం వినిపించలేదు.
నేనూ అడగలేదు.

ఫారంలో గడులు: క్రమసంఖ్య. పేరు. తండ్రి పేరు.
కట్టడం ఉన్నదా, లేదా.
లేదు, లేదు, లేదు అని ముప్పై ఒక్కసార్లు రాశాను.
పేరు దగ్గర పెన్ను ఆగింది.
రెండు దెబ్బలు, ఒక ఈడ్పు. ఇది ఏ అక్షరంతో మొదలవుతుంది?

మా ఇంట్లో అటక మీద
ఇలాంటి వలయమే ఒకటుండేది.
జల్లెడరా అది, అడుగు ఊడిపోయింది అంది అమ్మ.
నాకు ఉద్యోగం వచ్చిన ఏడు
దాన్ని నీళ్లపొయ్యిలో పెట్టింది.
చాలాసేపు కాలింది. మంచి చెక్క.

"నీదే ఊరు, బాబూ?"
విజయనగరం అన్నాను.
"అంతకు ముందు?"

మిల్లు కూత వేసింది. మేకలు తల ఎత్తలేదు.
చూసుకుంటే నా బొటనవేలు
అట్ట మీద ఏదో కొడుతోంది,
తప్పుగానే,
తవిటమ్మ చెయ్యి చాచి
దాన్ని కాస్త నెమ్మది చేసింది.